‘చిత్రం: నది’ అని రాస్తే సరిపోతుందా?

ప్రశ్న: నేను ఒక చిన్న ప్రచురణ సంస్థలో డీటీపీ, పేజీల డిజైన్ చేస్తాను. గోదావరి మీద పిల్లల కోసం మేం వేసిన బొమ్మల పుస్తకాన్ని ఇప్పుడు ఈ-బుక్‌గా తెస్తున్నాం. చూపులేని పిల్లలు కూడా చదువుకునేలా ప్రతి బొమ్మకూ వర్ణన రాసే పని నాకు అప్పజెప్పారు. అరవై దాకా ఉన్నాయి. ఫోటోలు, రంగుల బొమ్మలు, ఒక పెద్ద మ్యాపు, ఒక గ్రాఫు, పేజీల అంచుల్లో ముగ్గులు, చివర్లో ‘ఆరు తేడాలు కనిపెట్టండి’ ఆట. మొదట ‘చిత్రం: నది’, ‘చిత్రం: పడవ’ అని రాసుకుంటూ పోయాను. అది మరీ పొడిగా ఉందని తర్వాత ఒక్కో బొమ్మకు అరపేజీ రాశాను. రెండూ సరిగ్గా లేవనిపిస్తోంది. అసలు ఎంత రాయాలి? పుట్టుకతో చూపులేని వాళ్లకు రంగులు చెప్పాలా? మనుషుల్ని ఎలా వర్ణించాలి? ఏఐతో రాయించేస్తే పోయేదానికి ఇంత శ్రమ ఎందుకని ఆఫీసులో అంటున్నారు. ‘ఇవన్నీ ఎంతమంది చదువుతారమ్మా’ అన్నది మా ఓనర్ గారి మాట. తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: ‘ఎంత రాయాలి’ అన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టండి. ఈ బొమ్మ ఈ పేజీలో ఎందుకుంది, దీన్ని తీసేస్తే చదివే పిల్లకు ఏం దక్కకుండా పోతుంది అన్నది ముందు చూడండి. దక్కకుండా పోయేదాన్నే రాయండి. నిడివి దానంతట అదే తేలుతుంది.

మీ పుస్తకంలో కాటన్ దొర విగ్రహం ఫోటో ఉండే ఉంటుంది. గోదావరి మీద పుస్తకం వేసి ఆయన్ని వదిలేసినవాళ్లను నేనైతే చూడలేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిందని చెప్పే పేరా పక్కన ఆ ఫోటో ఉంటే, ‘గుర్రం మీద కూర్చున్న ఆర్థర్ కాటన్ విగ్రహం’ అంటే చాలు. అదే ఫోటో డెల్టా రైతులు ఆయన్ని ఇప్పటికీ ఎందుకు తలుచుకుంటారో చెప్పే పేజీలో ఉందనుకోండి. అప్పుడు విగ్రహం మెడలోని తాజా బంతిపూల దండ, పీఠం దగ్గర ఎవరో కొట్టిన కొబ్బరికాయ ముఖ్యం. విగ్రహాల తయారీ మీద పుస్తకమైతే గుర్రం ఏ కాలు ఎత్తింది, కంచా సిమెంటా అన్నవి కావాలి. ఒకే ఫోటోకు మూడు వర్ణనలు. అందుకే బొమ్మల ఫోల్డర్ తెరుచుకుని వరసబెట్టి రాసుకుపోతే కుదరదు. పేజీ ఎదురుగా పెట్టుకుని, చుట్టూ ఉన్న పాఠం చదివి రాయాలి. పాఠంలోనో, బొమ్మ కింది క్యాప్షన్‌లోనో ఇప్పటికే ఉన్న మాటను మళ్లీ రాయకండి. కళ్లతో చదివేవాళ్లు అలాంటి వాక్యాన్ని ఇట్టే దాటేస్తారు. చెవితో చదివేవాళ్లకు అది పాత మాటేనని తెలిసేసరికి సగం వినడం అయిపోతుంది.

మీ అరపేజీ వర్ణనలో లోపం పొడవు కాదు. బొమ్మలో కనిపించినదల్లా ఎడమ నుంచి కుడికి జాబితా రాసి ఉంటారు: రెండు కొబ్బరిచెట్లు, మూడు మేఘాలు, ఒక కాకి. అందులో పిల్లకు కావాల్సింది ఎక్కడో మధ్యలో మునిగిపోయి ఉంటుంది. ముందు మొత్తం ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పి, ఆ తర్వాత అవసరమైన వివరాలకు వెళ్లండి. మొదటి వాక్యంతోనే ఆపేసి ముందుకు పోవాలనుకునే పిల్లకు ఆ వీలుండాలి.

ఇక పుస్తకం వాళ్లకు ఎలా చేరుతుందో చెబుతాను. ఎక్కువమంది తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో వింటారు: ఫోన్‌లో టాక్‌బ్యాక్, కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ అనే ఉచిత ప్రోగ్రాం లాంటివి. బొమ్మ రాగానే అది ‘గ్రాఫిక్’ అనో ‘ఇమేజ్’ అనో తనే చెప్పి, మీరు ఆల్ట్ టెక్స్ట్‌లో, అంటే బొమ్మకు తగిలించి ఫైలులో దాచి ఉంచే వర్ణనలో, రాసింది చదువుతుంది. కాబట్టి ‘చిత్రం:’ అని మీరు మళ్లీ రాయనక్కర్లేదు. ఎలాంటి చిత్రమో చెప్పడం వేరు. పాత నలుపు తెలుపు ఫోటో, పెన్సిల్ గీత, కార్టూను, మ్యాపు అన్న తేడా తెలియాల్సిన చోట ఒక్క మాట వేయండి.

ఇంకొందరు వేళ్లతో చదువుతారు. ఆర్బిట్ రీడర్ 20 అని ఒక బ్రెయిలీ పరికరం ఉంది. దాంట్లో ఒకసారికి కనిపించేవి 20 గడులే. తెలుగు ఒత్తులకు, గుణింతాలకు అదనంగా గడులు పడతాయి కాబట్టి మన వాక్యం ఒకటి చదవడానికి పిల్ల బటన్ చాలాసార్లు నొక్కుతూ పోవాలి. ‘ఈ చిత్రంలో మనకు కనిపిస్తున్నదేమిటంటే’ లాంటి ముందుమాటలు ఎందుకు వద్దంటానో అర్థమైందిగా.

ఆల్ట్ టెక్స్ట్‌కు ఇంకో పరిమితి ఉంది. అది పేరాలు లేని ఒకే ముద్ద. కొన్ని యాప్‌లలో ఆపి వెనక్కి వెళ్లడం, ఒక్కో మాటగా వినడం కుదరదు. అందుకని ఆల్ట్‌లో ఒకటి రెండు వాక్యాలే ఉంచండి. అంతకంటే ఎక్కువ కావాల్సిన మ్యాపులు, గ్రాఫులకు పూర్తి వర్ణనను పుస్తకంలోనే మామూలు పాఠంగా, బొమ్మ కిందనో, లింకు ఇచ్చి అధ్యాయం చివరనో పెట్టి, ‘వివరం కింద ఉంది’ అని ఆల్ట్‌లో చెప్పండి. కి.మీ. అని రాయకుండా ‘కిలోమీటర్లు’ అనే రాయండి. స్క్రీన్ రీడర్ గొంతులు కొన్ని ఆ చుక్కల దగ్గర ఆగి ఆగి చదువుతాయి.

మీరు అడగని సంగతి ఒకటి ఉంది. డీటీపీ మనిషి కాబట్టి మీకు వెంటనే తెలుస్తుంది. అచ్చు పుస్తకం అను ఫాంట్లలో కంపోజ్ చేసి ఉంటే ముందు పాఠమంతా యూనికోడ్‌లోకి మార్చాలి. కంటికి అది తెలుగులా కనిపిస్తుందే కానీ, ఫైలు లోపల ఉన్నవి తెలుగు అక్షరాలు కావు. స్క్రీన్ రీడర్ వాటిని అర్థంలేని ఇంగ్లిషు గుర్తులుగా చదువుతుంది. మార్చాక ఒత్తులు, అరసున్నలు, అంకెలు చెదిరాయేమో ప్రూఫ్ చూసుకోండి. ఈపబ్ ఫైలులో (ఈ-బుక్ ఫైలు అదే) భాష ‘తెలుగు’ అని గుర్తు పెట్టారో లేదో కూడా చూడండి. అది లేకపోతే ఇంగ్లిషు గొంతు వచ్చి మీ వర్ణనలన్నిటినీ నమిలి పారేస్తుంది. పేజీల డిజైన్‌కు ఇన్‌డిజైన్ వాడుతుంటే ఆబ్జెక్ట్ ఎక్స్‌పోర్ట్ ఆప్షన్స్‌లో ఆల్ట్ టెక్స్ట్ గడి ఉంటుంది. అక్కడ రాస్తే ఎక్స్‌పోర్ట్‌లో అదే వెళ్తుంది.

ఇప్పుడు మ్యాపు. మీ పనిలో కష్టమైనది అదే, నాకు ఇష్టమైనదీ అదే. మ్యాపులో ఉన్న ప్రతి ఊరినీ రాయబోతే అది రైల్వే టైంటేబుల్ అవుతుంది. గోదావరి పటం పిల్లకు చెప్పాల్సినవి నాలుగే: ఎక్కడ పుట్టింది, ఎటు పారింది, దారిలో ఏవేం వచ్చి కలిశాయి, చివర ఏమైంది. ఆల్ట్ ఇలా ఉండొచ్చు:

‘గోదావరి ప్రవాహ పటం. నది పడమట నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి, ఆగ్నేయంగా మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మీదుగా పారి బంగాళాఖాతంలో కలుస్తుంది. వివరం కింద ఉంది.’

వివరంలో నది వెంటే నడవండి. పటం మీద పైన, కింద, ఎడమ, కుడి అనొద్దు. దిక్కులు చెప్పండి, లేదా గట్లు చెప్పండి. నది పారే వైపు తిరిగి నిలబడితే మన ఎడమ చేతి వైపుది ఎడమ గట్టు అని ఒకసారి వివరిస్తే పిల్ల దాన్ని పుస్తకమంతా వాడుకుంటుంది. నేనైతే ఇలా రాస్తాను:

‘గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లు. పెద్ద ఉపనదులు ఎక్కువగా ఎడమ వైపు నుంచే వచ్చి కలుస్తాయి. నది మహారాష్ట్రలో నాసిక్, పైఠన్, నాందేడ్ దాటి, నిజామాబాద్ జిల్లా కందకుర్తి దగ్గర తెలంగాణలో అడుగుపెడుతుంది. అక్కడ కుడి వైపు నుంచి మంజీర కలుస్తుంది. తర్వాత బాసర, ధర్మపురి. కాళేశ్వరం దగ్గర ఎడమ వైపు నుంచి ప్రాణహిత, ఇంకా దిగువన ఇంద్రావతి కలుస్తాయి. ఎడమ గట్టు మీద భద్రాచలం. కూనవరం దగ్గర ఎడమ వైపు నుంచే శబరి. అక్కడి నుంచి పాపికొండల మధ్య నది సన్నబడి, పోలవరం దగ్గర మళ్లీ విశాలమవుతుంది. ఎడమ గట్టున రాజమహేంద్రవరం. ధవళేశ్వరం దాటాక రెండు పెద్ద పాయలు: తూర్పున గౌతమి, పడమట వశిష్ఠ. వశిష్ఠ అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది.’

‘పెద్ద ఉపనదులు ఎక్కువగా ఎడమ వైపు నుంచే’ అన్న వాక్యాన్ని ముందే పెట్టాను. పటం చూసిన పిల్లకు అది చూపు పడగానే తెలిసిపోతుంది. చూడలేని పిల్ల ఒక్కో పేరూ విని, గుర్తుపెట్టుకుని, లెక్కవేసి తేల్చుకోవాలి. చూపు ఒక్క క్షణంలో పట్టుకునేదాన్ని ముందు చెప్పేయడమే మ్యాపు వర్ణనలో అసలు పని.

అయినా మాటలతో మ్యాపు పూర్తిగా రాదు. వంపులు, దూరాలు వేళ్లతో తడిమి తెలుసుకోవాల్సినవి. పుస్తకంతో పాటు ఆ ఒక్క పటానికైనా ఉబ్బెత్తు గీతల ప్రతి వేయించగలిగితే బాగుంటుంది. ఐఐటీ ఢిల్లీలో మొదలైన రైజ్డ్ లైన్స్ ఫౌండేషన్ లాంటివాళ్లు ఇలాంటి స్పర్శ చిత్రాలు తయారు చేస్తున్నారు. అది తర్వాత ఆలోచించవచ్చు. దానికోసం ఈ-బుక్‌ను ఆపకండి.

గ్రాఫు సులువు. నదుల పొడవులు పోల్చే పట్టీల గ్రాఫు అయితే పట్టీల రంగులూ ఎత్తులూ వర్ణించక్కర్లేదు. కింద చిన్న పట్టికలో అంకెలు ఇచ్చేయండి: గంగ 2,525, గోదావరి 1,465, కృష్ణ 1,400, పెన్న 597 కిలోమీటర్లు. ఆల్ట్‌లో మాత్రం గ్రాఫు ఏం తేలుస్తోందో చెప్పండి: ‘గంగ అన్నిటికంటే పొడవు. గోదావరి, కృష్ణ దాదాపు సమానం. పెన్న గోదావరిలో సగం కూడా లేదు.’ స్క్రీన్ రీడర్ పట్టికలో గడి గడికీ తిరగనిస్తుంది, కాబట్టి పట్టికను బొమ్మగా కాక నిజమైన పట్టికగానే పెట్టండి.

పేజీ అంచుల ముగ్గులు ఉత్త అలంకారమైతే వాటికి వర్ణన వద్దు. అలాగని ఏమీ చేయకుండా వదిలేయకూడదు. ఆల్ట్ అన్నదే లేకపోతే కొన్ని యాప్‌లు ఫైలు పేరు చదువుతాయి. ప్రతి పేజీలోనూ ‘ఐఎంజీ అండర్‌స్కోర్ 2047 డాట్ జేపీజీ’ అని వినిపిస్తే పిల్ల పుస్తకం మూసేస్తుంది. ఆల్ట్ ఉండాలి, లోపల ఖాళీగా ఉండాలి. అప్పుడు స్క్రీన్ రీడర్ ఆ బొమ్మను చప్పుడు చేయకుండా దాటేస్తుంది. కానీ ఒక పేజీలో సంక్రాంతికి గోదారి ఇళ్ల ముందు వేసే ముగ్గే విషయమైతే లెక్క మారిపోతుంది. ఇందులో మన వారపత్రికలు మీకంటే, నాకంటే ఎప్పుడో ముందున్నాయి. ‘15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు’ అని ముగ్గు కింద వేసే ఆ ఒక్క వరస చాలు, ముగ్గు తెలిసిన మనిషి మనసులో చుక్కలన్నీ పడిపోతాయి. ఆ తర్వాత మధ్యలో తామరపువ్వు, నాలుగు మూలలా చెరకుగడలు అని కలపడమే మిగిలింది.

రంగులు చెప్పండి. చూపులేనివాళ్లు అనగానే మనం పూర్తి చీకటి ఊహించుకుంటాం. వాళ్లలో కొంత చూపున్నవాళ్లు, రంగులు మాత్రం తెలిసేవాళ్లు, పదేళ్లదాకా చూసి తర్వాత చూపు పోయినవాళ్లు ఉంటారు. పుట్టుకతో చూపులేని పిల్ల కూడా పచ్చని చేను, తెల్ల చీర, ఎర్ర జెండా అన్న మాటల మధ్యే పెరుగుతుంది. వాటికి మన లోకంలో ఏం విలువ ఉందో ఆమెకు తెలుసు. ఎండాకాలం గోదావరి ఒక రంగు, వరదల్లో ఎర్రనీళ్లు వచ్చినప్పుడు ఒక రంగు. రెండు ఫోటోలు పక్కపక్కన వేసి రంగు చెప్పకపోతే అవి రెండు ఎందుకున్నాయో ఎవరికీ తెలియదు. చీర ముదురు నీలమా లేత నీలమా అన్నది మాత్రం కథకు పనికొస్తేనే రాయండి.

మనుషుల దగ్గర జాగ్రత్త. ‘అందమైన అమ్మాయి’, ‘పేద జాలరి’ అంటే అవి మీ తీర్పులు, బొమ్మలో ఉన్నవి కావు. చిరిగిన బనియను, మోకాళ్లదాకా ఎగగట్టిన లుంగీ, భుజం మీద వల అని రాయండి. పేదవాడో కాదో పిల్ల తేల్చుకుంటుంది. వేషం చూసి కులమో మతమో ఊహించి రాయకండి. కనిపించేది రాయండి: నుదుట విభూతి, తలమీద టోపీ. ఒంటి రంగు విషయంలో ఒకటే నియమం, చెబితే అందరిదీ చెప్పండి, లేకపోతే ఎవరిదీ వద్దు. ఒక్కడిదే చెబితే మిగతావాళ్లంతా మామూలు మనుషులు, వీడొక్కడే వేరు అన్నట్టు ధ్వనిస్తుంది. పాపికొండల పేజీలో కొండరెడ్ల గూడెం బొమ్మ ఉంటే, పాఠంలో ఆ పేరు ఉన్నప్పుడు ఆ పేరే వాడండి. ‘కొందరు గిరిజనులు’ అని సరిపెట్టకండి.

ముఖంలో భావాల గురించి ఒక వాదం ఉంది. ‘కోపంగా ఉన్నాడు’ అనకూడదు, ‘కనుబొమలు ముడిచాడు’ అనే రాయాలి, ఊహ పాఠకుడికే వదలాలి అంటారు. పెద్దల సాహిత్యానికి అది సరే. పిల్లల పుస్తకానికి నేను ఒప్పుకోను. కనుబొమలు ముడవడం ఎప్పుడూ చూడని పిల్లకు అది కోపమో, ఎండ కళ్లలో పడటమో ఎలా తెలుస్తుంది? ‘కోపంతో కనుబొమలు ముడిచాడు’ అని రెండూ ఇచ్చేయండి. ఇంకోసారి ఆ మాట వచ్చినప్పుడు ఆ పిల్లకు పనికొస్తుంది.

కథల పేజీల్లో ఇంకో చిక్కుంది. కొన్ని బొమ్మలు పాఠం చెప్పనిది చెబుతాయి. ‘తాతయ్యకు ఆ రోజు ఒక్క చేపా దొరకలేదు’ అని పాఠం ఉంటుంది. బొమ్మలో తాతయ్య ఖాళీ బుట్ట వైపు దిగులుగా చూస్తుంటాడు, వెనకాల పడవ అంచున పిల్లి నోట్లోంచి చేప తోక వేలాడుతుంటుంది. ఆ నవ్వు చూపులేని పిల్లకూ అదే పేజీలో రావాలి. తాతయ్య, బుట్ట, దిగులు ముందు రాసి, పిల్లిని వాక్యం చివర్లో పెట్టండి. ‘ఇది సరదా బొమ్మ’ అని మాత్రం రాయకండి. జోకు చెప్పి నవ్వమని అడిగినట్టుంటుంది. అలాగే కథలో ఇంకా పేరు తెలియని మనిషి బొమ్మలో ముందే కనిపిస్తే ‘నల్ల గొడుగు పట్టుకున్న ముసలాయన’ అనండి. ఆయన ఎవరో కథ చెప్పేదాకా మీరూ చెప్పకండి.

ఏఐ సంగతి. వాడొద్దని అనను. అరవై బొమ్మలకు మొదటి ముసాయిదా దానితో తెప్పించుకుంటే ఖాళీ కాగితం భయం పోతుంది. కానీ దానికి మీ పేజీ తెలియదు, బొమ్మ అక్కడ ఎందుకుందో తెలియదు. మన బొమ్మలైతే మరీ కష్టం. గోదావరి జిల్లాల వాళ్లకు పులస అంటే పులసే, యంత్రానికి అది వెండి రంగు చేప. పడవ, దోనె, లాంచీ, బండ్లను రేవు దాటించే పంటు, అన్నీ దానికి ఒకటే పడవ. (మీ ‘చిత్రం: పడవ’ కూడా ఆ దారిలోనే ఉంది, ఏమనుకోకండి.) మ్యాపు మీద తెలుగు పేర్లు తప్పు చదువుతుంది, లేని మనుషుల్ని ధైర్యంగా బొమ్మలోకి తెస్తుంది. ఇంకో మాట మీ ఆఫీసులో చెప్పండి. బీ మై ఐస్, సీయింగ్ ఏఐ లాంటి యాప్‌లు చూపులేనివాళ్ల ఫోన్లలో ఇప్పటికే ఉన్నాయి. యంత్రం చెప్పే వర్ణనే కావాలంటే వాళ్లు ఫోన్‌తో తెచ్చుకోగలరు. ప్రచురణకర్త ఇవ్వాల్సింది ఆ యంత్రానికి తెలియనిది.

మీ ఓనర్ గారి ప్రశ్నకు అంకెతో జవాబు చెప్పలేను. అందుకోలేని పుస్తకానికి పాఠకులు ఎంతమందో ఎవరు లెక్కపెడతారు? చట్టం ఎక్కడుందో మాత్రం ఆయనకు తెలిసి ఉండటం మంచిది. చూపులేనివారికి పుస్తకాలు అందించడానికి 2013లో మరాకేష్ ఒప్పందం కుదిరితే, దాన్ని అందరికంటే ముందు, 2014లో ఆమోదించిన దేశం మనదే. దానికి ముందే, 2012 సవరణతో, మన కాపీరైట్ చట్టం వికలాంగుల కోసం లాభాపేక్ష లేకుండా పనిచేసే సంస్థలు ఏ పుస్తకాన్నైనా వాళ్లు చదువుకోగలిగే రూపంలోకి మార్చుకునే వీలు కల్పించింది. మీ అనుమతి అడగనక్కర్లేదు. అంటే మీరు చేయకపోతే ఇంకెవరో స్కాన్ చేసి, బొమ్మల దగ్గర తోచింది రాసి ఇస్తారు. అంతకంటే బొమ్మ ఎందుకు వేయించారో తెలిసిన మీరు రాయడం మేలు. 2016 ఆగస్టులో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీలో ఇలాంటి పుస్తకాలు దేశభాషల్లో దొరుకుతాయి. మీది అక్కడికి చేరేలా వాళ్లతో మాట్లాడండి. ఈ-బుక్‌ను యూరప్‌లో తెలుగువాళ్లకు అమ్మే ఆలోచన ఉంటే, 2025 జూన్ 28 నుంచి అక్కడ ఈ-బుక్కులు అందరూ చదవగలిగేలా ఉండాలన్న చట్టం అమల్లోకి వచ్చింది. మరీ చిన్న సంస్థలకు అందులో మినహాయింపులున్నాయి. ఆ లెక్కలు ఆయన చూసుకుంటారు.

పని మొదలుపెట్టేటప్పుడు బొమ్మలు వేసిన ఆర్టిస్టుకు ఒకసారి ఫోన్ చేయండి. పడవలో మూలన ఆ పిల్లను ఎందుకు కూర్చోబెట్టాడో ఆయనకే తెలుసు. పది వర్ణనలు కాగానే ఆగండి. చూపులేని పాఠకులు ఒకరిద్దరికి, వీలైతే పిల్లలకే, ఆ పేజీలు పంపండి. ఊరికే పంపకుండా వాళ్ల సమయానికి ప్రూఫ్ రీడర్‌కు ఇచ్చినట్టే డబ్బు ఇవ్వండి. ‘బాగుందా’ అని అడిగితే ‘బాగుంది’ అనే అంటారు. ‘బొమ్మలో ఏం జరుగుతోందో నాకు చెప్పు’ అని అడగండి. వాళ్లు తిరిగి చెప్పినదాంట్లో ఎక్కడ తడబడ్డారో అక్కడ మీ వాక్యం తడబడింది. చివర్లో, అందరూ చదవగలిగే పుస్తకాల కోసం పనిచేసే డైసీ అనే సంస్థ వాళ్ల ఏస్ అనే ఉచిత చెకర్‌తో ఫైలును పరీక్షించండి. ఆల్ట్ ఉందో లేదో అది చెబుతుంది. ఆల్ట్‌లో ‘నది’ అన్న ఒక్క మాటే ఉన్నా పాస్ చేసేస్తుంది, కాబట్టి దాని మార్కులు చూసి మురిసిపోకండి. పాఠంలో ‘పక్క బొమ్మ చూడండి’, ‘పై చిత్రంలో’ అని ఉన్న చోట్ల బొమ్మ నంబరు వేయండి. ఫోన్ తెరమీద పైనా పక్కనా అన్నవి ఎక్కడికో పోతాయి.

ఇక ఆరు తేడాల ఆట. చాలామంది ఈ పేజీకి ‘తేడాలు కనిపెట్టే ఆట, రెండు పడవ బొమ్మలు’ అని రాసి చేతులు దులుపుకుంటారు. కొందరు జాలిపడి తేడాలన్నీ వర్ణనలోనే చెప్పేస్తారు. అది ఇంకా అన్యాయం. రెండు బొమ్మలకూ రెండు పేరాలు రాయండి. ఒకే వరసలో, ఒకే రకం వాక్యాలతో. మొదటి దాంట్లో ‘పడవలో ముగ్గురు పిల్లలు. మధ్యలో కూర్చున్న పిల్ల చేతిలో గొడుగు. తెరచాప మీద రెండు అతుకులు’ అని ఉంటే, రెండో దాంట్లో ‘పడవలో ముగ్గురు పిల్లలు. మధ్యలో కూర్చున్న పిల్ల చేతిలో తెడ్డు. తెరచాప మీద రెండు అతుకులు’ అని ఉండాలి. ఒకదాంట్లో చెప్పిన వస్తువును రెండో దాంట్లో మర్చిపోతే పిల్ల దాన్ని ఏడో తేడాగా లెక్కవేస్తుంది, తప్పు ఆమెది కాదు. గీత మందం లాంటి, మాటల్లో చెప్పలేని తేడా ఏదైనా ఉంటే ఆర్టిస్టుతో మార్పించండి. జవాబులు తర్వాతి పేజీలో వేయండి. రాయడం అయ్యాక ఆ రెండు పేరాలను బొమ్మలు చూపించకుండా మీ ఓనర్ గారికి చదివి వినిపించండి. ఆరూ పట్టుకుంటే పేజీ సిద్ధం. ఐదే దొరికితే ఆరోదాని వాక్యం తిరగరాయాలి.